మూడేళ్ల అధికారం, నాలుగేళ్ల శిక్ష: సరిహద్దు జిల్లాల న్యాయసేవాధికార సంస్థలకు బహిరంగ లేఖ

గజపతి, రాయగడ, గంజాం, కోరాపుట్, మల్కనగిరి జిల్లాల న్యాయసేవాధికార సంస్థల కార్యదర్శులకు, ఆ జిల్లాల బార్ సంఘాల పెద్దలకు,

నమస్కారాలు.

నేను ముప్పై ఒక్క సంవత్సరాలు వకీలు గుమాస్తాగా పనిచేసి మానుకున్నవాడిని. ఇల్లు వంశధార ఒడ్డున, ఒడిశా వైపు. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, కోర్టు కాగితాల్లో ఇంగ్లీషు, ఇలా మూడు భాషల మధ్య బతుకు గడిచింది. నకళ్లకు దరఖాస్తులు పెట్టడం, వాయిదా తేదీలు డైరీలో ఎక్కించడం, వకాలత్నామాల మీద వేలిముద్రలు వేయించడం నా పని. న్యాయశాస్త్ర పట్టా లేదు. ఈ లేఖలో రాసే సెక్షన్లు కాగితాలు మోస్తూ నేర్చుకున్నవి. ఒక్కొక్కటీ ఇద్దరు వకీళ్లకు చూపించి సరిచూసుకున్నాకే రాస్తున్నాను.

2024లో భోగికి ముందురోజు, అంటే జనవరి 13న, మా వీధి చివర ఉండే వదిన మా ఇంటికి వచ్చింది. వరసకు వదిన. చేతిలో ఎరువుల దుకాణం వాళ్లిచ్చిన ప్లాస్టిక్ సంచి. అందులో రేషను కార్డు, కొడుకు ఆధార్ కార్డు, వాటి కింద నాలుగు మడతలు పెట్టిన పదకొండు పేజీల తీర్పు. మడతల దగ్గర కాగితం చిరుగు పట్టింది. అప్పటికే ఎంతమంది చేతులు మారిందో ఆ చిరుగే చెప్పింది.

"బాబూ, కుర్రాడికి ఎంత పడిందో చదివి చెప్పు. ఒకరు నాలుగేళ్లంటారు, ఒకరు ఆరంటారు. జైలు దగ్గర ఎనిమిదన్నారు. ఏది నిజం?" అని అడిగింది.

కొడుకుకు శిక్ష పడి అప్పటికి నలభై నాలుగు రోజులు. ఎన్నేళ్లు పడిందో కన్నతల్లికి తెలియదు.

చివరి పేజీ తీశాను. రెండే వాక్యాలు. భారత శిక్షాస్మృతి 457వ సెక్షన్ కింద, అంటే రాత్రివేళ ఇంట్లో చొరబడినందుకు, నాలుగేళ్ల కఠిన కారాగారం, ఐదు వేల జరిమానా, అది కట్టకపోతే ఇంకో ఏడాది. 380వ సెక్షన్ కింద, ఇంట్లో దొంగతనానికి, రెండేళ్లు, మరో ఐదు వేలు, కట్టకపోతే మరో ఏడాది. రెండు శిక్షలూ ఏకకాలంలో నడుస్తాయన్న మాట ఎక్కడా లేదు. పాత నేర విచారణ స్మృతి 31వ సెక్షన్ ప్రకారం ఆ ఒక్క మాట లేకపోతే శిక్షలు ఒకదాని తర్వాత ఒకటి నడిచేవి. కాబట్టి వదిన విన్న మూడు అంకెలూ నిజమే. పెద్ద శిక్ష నాలుగు. రెండూ కలిపితే ఆరు. జరిమానా పదివేలు ఆ ఇంట్లో పుట్టవు కనుక ఎనిమిది.

నా కన్ను పడింది మాత్రం ఆ నాలుగు మీద. అది మొదటి తరగతి మేజిస్ట్రేటు కోర్టు. ఏ కోర్టో, ఏ ఊరో ఇక్కడ రాయను. ఎవరినో వేలెత్తి చూపడానికి ఈ లేఖ రాయడం లేదు. ఆ కోర్టు నాలుగేళ్లు వేయడానికే వీల్లేదు.

నేర విచారణ స్మృతి 29వ సెక్షన్ దీన్ని ఏ తిరకాసూ లేకుండా చెప్పింది. మొదటి తరగతి మేజిస్ట్రేటు మూడేళ్లు మించి జైలు వేయరాదు. రెండో తరగతి అయితే ఒక ఏడాది. చీఫ్ జుడీషియల్ మేజిస్ట్రేటుకు ఏడేళ్ల దాకా అధికారం ఉంది. మన ఒడిశాలో ఎస్.డి.జె.ఎం., అంటే సబ్ డివిజనల్ జుడీషియల్ మేజిస్ట్రేటు, అన్న పేరు వినగానే అది పెద్ద కోర్టని మనవాళ్లు అనుకుంటారు. సబ్ డివిజన్‌లో మిగిలిన మేజిస్ట్రేట్ల మీద అజమాయిషీ కోసం మొదటి తరగతి మేజిస్ట్రేటుకే హైకోర్టు ఇచ్చే హోదా అది. శిక్ష వేసే అధికారం దానికీ మూడేళ్లే.

ఆ కేసులో వాదించిన వకీలు గారి దగ్గరకు వదిన అంతకుముందే వెళ్లింది. "సెక్షన్‌లో పద్నాలుగేళ్లు ఉందమ్మా, నీ కొడుక్కి నాలుగే పడింది, అదృష్టం అనుకో" అన్నారట. ఆయన అబద్ధం చెప్పలేదు. దొంగతనం కోసం రాత్రివేళ ఇల్లు చొరబడితే 457వ సెక్షన్ పద్నాలుగేళ్ల వరకు అంటుంది. అయితే ఆ పద్నాలుగు నేరానికి చట్టం గీసిన గీత. కోర్టుకు గీసిన గీత వేరు. బస్సు గంటకు నూరు కిలోమీటర్లు పోగలదని ఊరి నడివీధిలో నూరుతో పోనిస్తామా? నేరానికి ఎంత శిక్ష ఉందో చూసి ఊరుకోకుండా, ఆ కేసు నడిచిన కోర్టుకు ఎంత అధికారం ఉందో కూడా చూడాలి. ఈ రెండో గీతను చూసేవారు మా వైపు కోర్టుల్లో చాలా తక్కువ. వకీళ్లూ మనుషులే. ఓడిపోయిన కేసు చివరి పేజీని ఓపికగా చదవడం కష్టం. ఆ కష్టం నాకు తెలుసు. కానీ ఆ పేజీ చదవకపోతే పోయేది వకీలు గారి రోజు కాదు.

మూడేళ్లు చాలవని మేజిస్ట్రేటుకు అనిపిస్తే చట్టం దారి మూసేయలేదు. పాత స్మృతిలో 325వ సెక్షన్, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 364వ సెక్షన్ ఉన్నది అందుకే. తన అభిప్రాయం రాసి, కేసును చీఫ్ జుడీషియల్ మేజిస్ట్రేటుకు పంపవచ్చు. అక్కడ ఏడేళ్ల దాకా వేయవచ్చు. కాబట్టి ఈ మూడేళ్ల హద్దు దొంగలను కాపాడటానికి పెట్టిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. పెద్ద శిక్ష పెద్ద కోర్టే వేయాలి, ఇంకొక జత కళ్లు చూశాకే వేయాలి అన్నది దాని ఉద్దేశం.

ఇక్కడ ఒక మెలిక ఉంది. కోర్టు ఆవరణలో నలుగురైదుగురు వకీళ్లకు ఆ కాగితం చూపిస్తే ఇద్దరు ఒకే మాట అన్నారు. "రెండు శిక్షలు కలిస్తే ఆరు. 31వ సెక్షన్ ప్రకారం కోర్టు తన అధికారానికి రెట్టింపు వరకు పోవచ్చు. మూడు రెళ్లు ఆరు. సరిపోయింది కదా" అన్నారు. మొత్తానికి అది సరిపోతుంది. ఆ రెట్టింపు హద్దు ఒకదాని తర్వాత ఒకటి నడిచే శిక్షల మొత్తానికి పెట్టింది. ఆ మొత్తంలోని ఒక్కొక్క శిక్షా కోర్టు వేయగలిగినదే అయి ఉండాలని అదే సెక్షన్ మొదటి వాక్యంలోనే ఉంది. మూడు, మూడు కలిసి ఆరు కావచ్చు. నాలుగు, రెండు కలిసి ఆరు కాకూడదు. లెక్కకు మొత్తం ఒక్కటే అయినా చట్టానికి ఒక్కటి కాదు.

జరిమానా దగ్గర మరో తప్పు. జైలుశిక్షతో పాటు జరిమానా కూడా వేసినప్పుడు, అది కట్టనందుకు వేసే అదనపు జైలు, ఆ నేరానికి మేజిస్ట్రేటు వేయగలిగిన జైలులో నాలుగో వంతు దాటరాదు. పాతదానిలో 30వ సెక్షన్, కొత్తదానిలో 24. మూడేళ్లలో నాలుగో వంతు తొమ్మిది నెలలు. ఆ తీర్పులో ఏడాది చొప్పున రెండు చోట్లా వేశారు. ఇలా ఒక పేజీలో, రెండు వాక్యాల్లో, మూడు చోట్ల హద్దు దాటింది.

ఆ మేజిస్ట్రేటుకు ఆ కుర్రాడి మీద పగ ఉందని నేను అనుకోను. ఒక్క రోజు జాబితాలో ఎన్ని కేసులు పిలుస్తారో, ఎంత హడావిడిలో తీర్పులు టైపు అవుతాయో దగ్గరుండి చూసినవాడిని. కుర్రాడు తప్పు చేయలేదనీ అనను. పక్క ఊరి కిరాణా కొట్టు యజమాని ఇంట్లో దూరాడు, పట్టుబడ్డాడు, సొమ్ము అతని దగ్గరే దొరికింది. ఆ ఇంటివాళ్లు ఆ రాత్రి ఎంత భయపడ్డారో కూడా విన్నాను. దానికి శిక్ష పడాలి. పడిన శిక్ష చట్టం గీసిన గీత లోపల ఉండాలి.

గీత దాటిన ఆ ఒక్క ఏడాది చేసిన నష్టం, ఏడాదితో ఆగలేదు. ఇది మీరు నిదానంగా వినాలని నా ప్రార్థన. విచారణ అంతా కుర్రాడు బెయిలు మీదే ఉన్నాడు, ప్రతి వాయిదాకూ వచ్చాడు. అలా బెయిలు మీద ఉన్నవాడికి మూడేళ్లకు మించని శిక్ష పడి, అప్పీలు చేసుకుంటానని అతను చెబితే, ప్రత్యేక కారణాలు లేకపోతే శిక్ష వేసిన కోర్టే అప్పీలు పెట్టుకోవడానికి సరిపడా కాలం బెయిలు ఇవ్వాలి. పాత 389, కొత్త 430వ సెక్షన్ల మూడో ఉపవిభాగం అది. నాలుగేళ్లు పడటంతో ఆ తలుపు మూసుకుపోయింది. చట్టప్రకారం మూడేళ్లే వేసి ఉంటే అతను ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, వకీలును వెతుక్కుని, గడువులోపు అప్పీలు వేసుకునేవాడు. వేయకూడని ఏడాది వేయడం వల్ల నేరుగా జైలుకు వెళ్లాడు. జైలుకు వెళ్లడం వల్ల గడువు దాటిపోయింది.

మేజిస్ట్రేటు తీర్పు మీద సెషన్స్ కోర్టుకు అప్పీలు వేయడానికి ముప్పై రోజులు. నకలుకు దరఖాస్తు పెడితే అది చేతికి రావడానికి పట్టిన రోజులు ఆ లెక్కలోంచి తీసేస్తారు. ఈ సంగతి ఆ కుర్రాడికి చెప్పినవారు లేరు. మరణశిక్ష వేసినప్పుడు అప్పీలు గడువు ఎంతో కోర్టే ముద్దాయికి చెప్పాలని చట్టంలో ఉంది. నాలుగేళ్లు పడినవాడికి చెప్పాలని లేదు. నాలుగేళ్లు కూడా ఒక మనిషి జీవితంలోంచే పోతాయి కదా.

మేము ఆలస్యాన్ని మన్నించమని లిమిటేషన్ చట్టం 5వ సెక్షన్ కింద ఒక దరఖాస్తు, శిక్ష నిలుపుదలకు ఇంకొకటి, అప్పీలు మెమో ఒకటి కలిపి పెట్టాం. ఫీజు అడగకుండా ఒక యువ వకీలు పని చేసింది. ఏప్రిల్‌లో శిక్ష నిలిపేసి బెయిలు ఇచ్చారు. ఆ అక్టోబరులో అప్పీలు తేలింది. నాలుగేళ్లు వేయడానికి కింది కోర్టుకు అధికారం లేదన్న మాటను ప్రభుత్వ వకీలు కూడా కాదనలేదు. నేరనిర్ధారణ నిలిచింది. శిక్ష ఏడాదిన్నరకు తగ్గింది, రెండూ ఏకకాలంలో నడిచేలా, జరిమానా కట్టకపోతే రెండు నెలలు. పదివేలు ఇల్లిల్లూ తిరిగి పోగుచేశాం. మిగిలిన కాలం అనుభవించి కుర్రాడు బయటకు వచ్చాడు. ఎనిమిదేళ్లు ఏడాదిన్నర అయింది. కొత్త సాక్ష్యమేదీ దొరకలేదు, పెద్ద వాదనలూ జరగలేదు. చివరి పేజీ ఎవరో ఒకరు చదివారు, అంతే.

వదిన ఆ సంచి పట్టుకుని నా దగ్గరకు రాకపోయి ఉంటే?

ఈ ప్రశ్న నన్ను నిద్రపోనివ్వకే మీకు రాస్తున్నాను. మా సరిహద్దు ఊళ్లలో కోర్టు మెట్లెక్కే తెలుగువాడికి జరిగేది ఇది: సాక్షులు ఒడియాలో చెబుతారు, వకీళ్లు ఒడియా, ఇంగ్లీషు కలిపి వాదిస్తారు, తీర్పు ఇంగ్లీషులో వస్తుంది. న్యాయమూర్తి పైకి చదివిన నాలుగు ముక్కల్లోంచి ముద్దాయి తన పేరొక్కటే పట్టుకుంటాడు. ముద్దాయికి అర్థం కాని భాషలో సాక్ష్యం చెబితే, దాన్ని అతనికి అర్థమయ్యే భాషలో వినిపించాలని చట్టం ఎప్పటినుంచో చెబుతోంది. పాత 279, కొత్త 314. కాయకష్టం చేసుకునేవాడు "నాకు ఒడియా రాదు" అని బోనులో నిలబడి చెప్పగలడా? బజారులో బేరమాడేంత ఒడియా మా అందరికీ వచ్చు. ఆ బజారు ఒడియా చూసి "ఇతనికి భాష వచ్చు" అని రాసుకుంటారు. బియ్యం ధర అడిగే భాషలో శిక్షాస్మృతి అర్థం కాదు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి, పర్లాకిమిడి అందులో చేరినప్పటినుంచీ మాది ఇదే బతుకు. గిడుగు రామమూర్తి పంతులు గారు ఉపాధ్యాయులుగా పనిచేసింది ఆ ఊళ్లోనే. చదువుకున్నవాడికే అర్థమయ్యే భాషలో పుస్తకాలు రాయడం అన్యాయమని పోరాడారు. చుట్టుపక్కల కొండల్లోని సవరల భాష తాను నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు కూర్చారు. ఆ మాటకొస్తే సవర, కువి, కోయ తప్ప ఇంకో భాష రానివారి గతి కోర్టుల్లో మాకంటే దారుణం. మాకు కనీసం చదివి చెప్పడానికి వీధిలో ఒక గుమాస్తా దొరుకుతాడు. నేను తెలుగువారి కోసం అడుగుతున్నది వారికీ చేయాలని ముందే చెబుతున్నాను.

నేను అడిగేది కొత్త చట్టమేమీ కాదు. ఉన్న చట్టంలోని ఒక ముక్కను బల్ల మీదకు తెమ్మంటున్నాను. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 404వ సెక్షన్, పాతదానిలో 363. జైలుశిక్ష పడ్డవాడికి తీర్పు నకలు వెంటనే, ఉచితంగా ఇవ్వాలని మొదటి ఉపవిభాగం. అది మా వైపు కోర్టుల్లో చాలావరకు జరుగుతోంది. రెండో ఉపవిభాగం ఎవరూ తెరవని పెట్టె. ముద్దాయి దరఖాస్తు పెట్టుకుని కోరితే, వీలైనంతవరకు అతని సొంత భాషలోనే తీర్పు అనువాదం ఇవ్వాలి, ఆలస్యం చేయకుండా ఇవ్వాలి, అప్పీలుకు వీలున్న తీర్పయితే పైసా తీసుకోకుండా ఇవ్వాలి. ముప్పై ఒక్క సంవత్సరాల్లో ఈ అనువాదం కోరుతూ దరఖాస్తు పెట్టిన ముద్దాయిని నేను ఒక్కడిని కూడా చూడలేదు. నేనూ ఒక్కరి చేతా పెట్టించలేదు. అది నా తప్పు కూడా, ఒప్పుకుంటున్నాను. అలాంటి హక్కు ఉందని ముద్దాయికి తెలియదు. తెలిసిన మేము "ఇక్కడ తెలుగు అనువాదం ఎవరిస్తారులే" అని వదిలేశాం.

తీర్పు కాగితం చేతికి రాకపోవడం ఎంతటి ఘోరమో సుప్రీంకోర్టు 1978లోనే హోస్కాట్ కేసులో చెప్పింది. అది మహారాష్ట్ర నుంచి వెళ్లిన కేసు. శిక్ష పడ్డవాడు విశ్వవిద్యాలయంలో రీడరుగా పనిచేసినవాడు. అంత చదువుకున్నవాడు కూడా తీర్పు నకలు అందలేదంటూ నాలుగేళ్లు దాటాక సుప్రీంకోర్టుకు చేరాడు. జైలుకు పంపే ప్రతి తీర్పు నకలూ ఖైదీకి ఉచితంగా అందాలి, జైలు అధికారులు అందజేసి సంతకం తీసుకోవాలి, అప్పీలుకు ఉచితంగా వకీలును ఇవ్వాలి అని జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ గారు రాశారు. కాగితం చేతికి అందడం ఎందుకు? చదువుకుని అప్పీలు చేసుకోవడానికే కదా. చదవలేని కాగితం అందితే ఆ తీర్పును మనం సగమే పాటించినట్టు.

న్యాయసేవాధికార సంస్థల కార్యదర్శులకు నా మొదటి విన్నపం. పదకొండు పేజీలూ రాత్రికి రాత్రి అనువదించమని అడగను. శిక్ష పడిన రోజే ఒక్క కాగితం తెలుగులో ఇవ్వండి. ఏ సెక్షన్ కింద ఎంత పడింది, శిక్షలు కలిసి నడుస్తాయా, విడివిడిగానా, జరిమానా ఎంత, కట్టకపోతే ఎన్ని నెలలు, విచారణలో జైల్లో ఉన్న రోజులు ఎన్ని తగ్గుతాయి, శిక్ష వేసిన కోర్టుకు ఎన్నేళ్ల వరకు అధికారం ఉంది, అప్పీలు ఏ కోర్టులో, ఆఖరి తేదీ ఏది. తేదీ అంకెల్లో రాయండి. "ముప్పై రోజులు" అని రాస్తే ఏ రోజు నుంచి లెక్కపెట్టాలో మావాళ్లకు తెలియదు. పూర్తి అనువాదం ఆ తర్వాత పది రోజుల్లో వచ్చినా చాలు. ఈ పని చేయగల తెలుగు వచ్చిన పారా లీగల్ వాలంటీర్లు ఈ జిల్లాల్లో దొరకరా? రిటైరైన తెలుగు మాస్టార్లు, నాలాంటి గుమాస్తాలు పిలిస్తే వస్తారు. నేను ఇప్పుడే పేరు రాయించుకుంటాను. రూపాయి అక్కర్లేదు.

రెండోది, ఆ కాగితం రాసే మనిషే అధికారం లెక్క కూడా సరిచూడాలి. 2024 జూలై 1 నుంచి కొత్త సంహిత వచ్చింది. దానిలో ఇది 23వ సెక్షన్. జైలు హద్దులు మారలేదు. మొదటి తరగతికి మూడేళ్లే. జరిమానా మాత్రం పదివేల నుంచి యాభై వేలకు పెరిగింది, సమాజ సేవ అనే కొత్త శిక్ష చేరింది. శిక్షలు ఏకకాలంలోనా, ఒకదాని తర్వాత ఒకటా అన్నది కోర్టే చెప్పాలని 25వ సెక్షన్‌లో ఇప్పుడు స్పష్టంగా రాశారు. ఆ మార్పు చదివినప్పుడు వదిన కొడుకే గుర్తొచ్చాడు. అంతకుముందే మొదలైన కేసులు ఇప్పటికీ పాత లెక్కలోనే నడుస్తున్నాయి కాబట్టి రెండు లెక్కలూ తెలిసినవారు చూడాలి. చెక్కు బౌన్సు కేసుల లెక్క వేరు. అక్కడ మేజిస్ట్రేటు జరిమానా అప్పట్లో ఉన్న ఐదు వేల హద్దు దాటరాదని సుప్రీంకోర్టు ఒకప్పుడు చెప్పింది. 2002లో చట్టం సవరించి ఆ హద్దు ఎత్తేశారు. లక్షల జరిమానా చూసి ఇదీ అధికారం మీరిన శిక్షే అని పరుగెత్తితే భంగపడతాం. అందుకే తెలిసినవారు చూడాలంటున్నాను.

బార్ సంఘాల పెద్దలకు ఒక్క మాట. మావాళ్లలో రెండు భయాలు పాతుకుపోయాయి, వాటిని తీసేయగలిగినవారు మీరే. "అప్పీలు వేస్తే ఉన్న శిక్ష పెరుగుతుంది" అన్నది మొదటిది. శిక్ష పడ్డవాడు తాను వేసుకున్న అప్పీలులో సెషన్స్ కోర్టు శిక్ష పెంచడానికి లేదు. పెంచాలంటే ప్రభుత్వం వేరుగా అప్పీలు వేసుకోవాలి. పైగా కింది కోర్టు ఆ నేరానికి ఎంత వేయగలదో అంతకు మించి అప్పీలు కోర్టూ వేయరాదని చట్టంలోనే ఉంది. అంటే మేజిస్ట్రేటు వేసిన నాలుగేళ్లను సెషన్స్ జడ్జి అప్పీలులో అలాగే ఉంచడానికి కూడా వీల్లేదు. రెండో భయం ఇంకా లోతైనది. "నేరం ఒప్పుకుంటే జరిమానాతో పోతుంది" అని ఎవరో చెబితే ఒప్పుకుంటారు. పోదు, జైలు పడుతుంది. అప్పుడు "ఒప్పుకున్నావు, ఇక అప్పీలు లేదు" అంటారు. అది సగం నిజం. ఒప్పుకున్నవాడు నేరనిర్ధారణ మీద అప్పీలు వేయలేడు. శిక్ష ఎక్కువైందనో, చట్టవిరుద్ధమనో మాత్రం వేయగలడు. పాత 375, కొత్త 416. మూడేళ్ల కోర్టు నాలుగేళ్లు వేస్తే అంతకంటే చట్టవిరుద్ధం ఏముంటుంది? అలాగే శిక్ష అధికారం మించిందన్నంత మాత్రాన కేసే కొట్టేస్తారని ఆశపెట్టకండి. నేరనిర్ధారణ మీద వాదన వేరు, శిక్ష మీద వాదన వేరు. అబద్ధపు ఆశ పెట్టి అప్పు చేయించడం కూడా పాపమే.

జైలు అధికారులకు కూడా ఈ లేఖ చేరుతుందని ఆశిస్తున్నాను. జైల్లో ఉన్నవాడు అప్పీలు కాగితం జైలు అధికారి చేతికిస్తే, దాన్ని ఆయనే అప్పీలు కోర్టుకు పంపాలి. పాత 383, కొత్త 424. కస్టడీలో ఉన్న ఎవరికైనా ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ఇచ్చింది. 15100కి ఫోను చేయవచ్చు. ఈ మూడు సంగతులూ ములాఖత్ కిటికీ పక్కన తెలుగులో రాసి అంటించండి. ఖైదీ చదవలేకపోయినా, చూడవచ్చిన తల్లో, తమ్ముడో చదువుతారు. వదిన ఆ కిటికీ దగ్గర ఆరుసార్లు నిలబడింది. ఆ గోడ మీద ఒడియాలో, ఇంగ్లీషులో నియమాలు ఉన్నాయి. వాటి ముందే నిలబడి, పక్కనున్న ఆవిడను అడిగి ఎనిమిదేళ్లని తెలుసుకుంది.

ఇదే గోస మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలోనూ ఉందని అక్కడి చుట్టాలు చెబుతుంటారు. ప్రాణహిత దాటితే తెలంగాణ, ఇటు కోర్టు మాట మరాఠీ. అక్కడి పెద్దలు ఈ లేఖ చదివితే, ఒడియా అన్నచోట మరాఠీ అని చదువుకోమని మనవి. సెక్షన్ల అంకెలు మారవు.

వదిన కొడుకు తీర్పుకు నేను తెలుగులో రాసిచ్చిన ఒక్క పేజీ కాగితాన్ని, పేర్లు తీసేసి, ఈ లేఖతో జతచేసి ఐదు జిల్లాల కార్యాలయాలకూ పోస్టులో పంపుతున్నాను. దాన్ని నమూనాగా తీసుకుని మీ మాటల్లో దిద్దుకోండి. 404(2) కింద అనువాదం కోరే దరఖాస్తు కూడా తెలుగు, ఒడియా రెండు భాషల్లో రాసి పెట్టాను. పేరు, కేసు నంబరు నింపి వేలిముద్ర వేస్తే చాలు. జవాబు కోసం నెల రోజులు చూసి, నేనే ఆ కాగితాలు పట్టుకుని ఒక్కొక్క కార్యాలయానికి వస్తాను. ఆ సంచి ఇప్పుడు నా దగ్గరే ఉంది. మొన్న ఇంకొక తల్లి ఇంకొక తీర్పు తెచ్చి అందులో పెట్టి వెళ్లింది. దాని గడువు ఇంకా పదకొండు రోజులు ఉంది.

ఇట్లు,
ఒక మాజీ వకీలు గుమాస్తా,
వంశధార ఒడ్డు, ఒడిశా